మూగవాడి మలుపులో అరిచిన బండి

మూగవాడి మలుపు దగ్గర చీకటి పడ్డాక ఆగకూడదు. మా ఊరు సాన్ ఎలాడియోలో పాలుతాగే పిల్లనడిగినా ఈ మాటే చెబుతుంది. కొండమీంచి లోయలోకి దిగే దారిలో ఓ పక్కన కూలిపోయిన పొగాకు కొట్టం, ఇంకో పక్కన కార్మెన్ మాత బొమ్మ ఉన్న చిన్న గూడు... ఆ రెండింటి మధ్య దారి ఒక్కసారిగా ఎడమకి తిరుగుతుంది. ఎప్పుడో ఓ మూగవాడు తన కంచరగాడిదతో సహా అక్కణ్ణుంచి లోయలో పడిపోయాడట. పడుతూ పెద్దగా అరిచాడట.

మూగవాడు ఎలా అరిచాడని అడక్కండి. చిన్నప్పుడు నేనూ అడిగాను, మా అమ్మ గరిటెతో సమాధానం చెప్పింది.

అందుకని ఆ మలుపులో మాకో ఆచారం ఉంది. లారీ తోలేవాడైనా, మోటారుసైకిలు మీద పోయేవాడైనా, కుడిచెయ్యి తీసి సిలువ గుర్తు వేసుకోవాలి. మోటారుసైకిలు వాడికి కుడిచేతిలోనే కదా యాక్సిలరేటరు ఉండేది... అది వదిలేస్తే బండి గొంతు దిగిపోతుంది. గుసగుసలాడుతూ గూడు దాటుతుంది. మూగవాడికి మనం చేసే మర్యాద అన్నమాట.

ఊరు మొత్తం మీద ఆ మర్యాద చెయ్యనివాడు ఒక్కడే — అర్సేసియో. ఎన్నడూ అక్కడ చెయ్యి తీసి ఎరగడు. మా ఫాదర్ ఎలియోదోరో గారు అతన్ని దేవుడంటే భయం లేనివాడని ప్రసంగంలోనే అనేవారు. నేను ఆ చర్చిలో గంట కొడతాను, ఫాదర్ గారి వెనకాల పవిత్ర జలం బకెట్టు మోస్తాను, కాబట్టి అన్నీ చెవులారా విన్నాను. నా పేరు నెస్తోర్. నాకో మేక ఉంది. అది మేసేది ఆ పొగాకు కొట్టం చుట్టూనే. మేక సంగతి తర్వాత చెబుతాను.

అర్సేసియో నోరు చాలా పెద్దది. చారు చల్లారిందని అరిచేవాడు, వేడిగా ఉందనీ అరిచేవాడు. వాడి కేక వినబడితే వీధి చివర కుక్కలు లేచి వేరే వీధికి పోయేవి. అలాంటివాడు ఓ జ్వరంతో మంచాన పడి, చప్పుడు లేకుండా పోయాడు. పెళ్ళాం ఎడెల్మిరాకి మిగిలింది వాడి పాత మోటారుసైకిలు. రెండు స్ట్రోకుల బండి, వాళ్ళ పెళ్ళికంటే ముందుది. ఆవిడ దాని వెనక పెట్టె కట్టి, మొక్కజొన్న రొట్టెలు కాల్చి, మధ్యాహ్నం కొండమీది పొగాకు తోటల కూలీలకి పట్టుకెళ్ళి అమ్మేది. చీకటి పడేవేళకి దిగొచ్చేది. ఇంటిల్లిపాదీ బతికేది ఆ రొట్టెల మీదే.

ఇక్కణ్ణుంచి నేను చెప్పేది అర్సేసియో తమ్ముడు గిల్డార్డో నాతో చెప్పిందే.

ఓ సాయంత్రం వాడు వదినగారి బండి వెనక కూర్చుని కొండ దిగుతున్నాడు. వెలుగు పోయింది. కొట్టం నల్లగా కనిపిస్తోంది. మలుపు వచ్చింది... ఎడెల్మిరా కుడిచెయ్యి తీసింది. నుదుటి మీద పెట్టుకుంది. గుండె మీద పెట్టుకుంది.

బండి గొంతు తగ్గాలి. తగ్గలేదు.

పెరిగింది... ఇంకా పెరిగింది... హ్యాండిల్ మీద చెయ్యి లేదు, అయినా ఎవరో మెలితిప్పుతున్నట్టు ఇంజను కేకలు పెడుతోంది. ఆ కేక కొట్టం గోడకి తగిలి రెండై తిరిగొచ్చింది. అప్పుడు — వదిన తల కొంచెం వంచి, ఎవరితోనో చెప్పినట్టు మెల్లగా అంది.

"వస్తున్నాగా... అరవకు."

గిల్డార్డో నడుస్తున్న బండి మీంచి దూకేసి, ఇంటికి పరుగెత్తి వచ్చాడు. ప్యాంటు సంగతి వాడు చెప్పలేదు, వాళ్ళావిడ చెప్పింది.

తెల్లారేసరికి ఊరంతా గుప్పుమంది. అర్సేసియో బండిలోకి వచ్చేశాడు. ఆ మలుపులో ఏనాడూ సిలువ వేసుకోలేదు కదా, మూగవాడు పట్టుకుని తన గొంతు వాడికిచ్చేశాడు — అని ఒకరు. కాదు, మూగవాడికే వాడు గొంతు అరువిచ్చాడు — అని ఇంకొకరు. ఏదైతేనేం, ప్రతి సాయంత్రమూ అదే చోట, అదే కేక. ఊళ్ళో నడిపితే బండి బుద్ధిగానే ఉండేది. ఎక్కేటప్పుడు కూడా కిమ్మనేది కాదు. దిగుతూ మలుపులో చెయ్యి తీస్తేనే పూనకం.

కూలీలు దెయ్యం బండి మీద వచ్చిన రొట్టె ముట్టమన్నారు. పెట్టె నిండుగా పైకెళ్ళి, నిండుగానే కిందికి రావడం మొదలైంది. ఎడెల్మిరా పిల్లలు పొద్దునా రాత్రీ ఎండిపోయిన రొట్టెలే తిన్నారు. మిగిలినవి కోళ్ళు తిన్నాయి.

ఆవిడ మాత్రం జడవలేదు. బతికుండగానూ అరిచాడు, ఇప్పుడూ అరుస్తున్నాడు, ఇందులో కొత్తేముంది అనేది. పైకి అలా అనేదే గానీ, సాయంత్రం కొండ దిగే ముందు మంచి శాలువా తీసి కప్పుకునేదని తోటలో వాళ్ళు చెప్పారు. నాకు అర్థమైంది. ఆ కేకంటే ఆవిడకి ఇష్టం. ఇంట్లో ఎవరూ అరవక ఆవిడకి పిచ్చెక్కినట్టుంది.

ఫాదర్ గారు తీర్పు చెప్పారు. శుక్రవారం సాయంత్రం ఆ మలుపులోనే సైతానుని వెళ్ళగొడతారు. బండి నోరు మూసుకుందా సరే. లేదంటే గిల్డార్డో దాన్ని లోయలోకి తోసెయ్యాలి.

"బండి పోతే నా పొయ్యి ఆరిపోతుంది ఫాదర్ గారూ," అంది ఎడెల్మిరా.

ఆయన కళ్ళు మూసుకుని, దేవుడు చూసుకుంటాడన్నారు. దేవుడు రొట్టెలు కాల్చి కొండెక్కడం నేనెప్పుడూ చూడలేదు. కానీ నేను బకెట్టు మోసేవాణ్ణి, నన్నెవరు అడిగారు?

శుక్రవారం ఊరు ఊరంతా మలుపులో ఉంది. సోంపు సారా సీసాలు కూడా వచ్చాయి, చలి పేరు చెప్పి. సైతాను లోపల ఉన్నప్పుడే వెళ్ళగొట్టాలి కాబట్టి ఎడెల్మిరాని కొండెక్కి దిగి రమ్మన్నారు. ఎదురుచూశాం. చీకటి కమ్మింది... దూరంగా దీపం... మలుపు తిరిగింది. ఆవిడ చెయ్యి తీసింది.

కేక మొదలైంది. బండిని స్టాండు వేసి నిలబెట్టింది, అయినా ఆగలేదు. ఎవరూ ముట్టుకోకుండానే అది ఒంటరిగా నిలబడి అరుస్తోంది. నేను బకెట్టుతో సహా వెనక్కి గెంతాను. నీళ్ళు బూట్లలోకి పోయాయి.

ఫాదర్ గారు లాటిన్ అందుకున్నారు. ముందు చక్రం మీద చల్లారు — అరుపు. వెనక చక్రం మీద చల్లారు — అరుపు. టాంకు మీద గుప్పెడు కొట్టారు — ఇంకా అరుపు. ఆయనకి కోపం వచ్చి, నా చేతిలో బకెట్టు వంచి టాంకు కింద ఎడమ పక్కకి ఒక్క చిమ్ము చిమ్మారు.

బండి నోరు మూసుకుంది.

తుక్... తుక్... తుక్... గొర్రెపిల్లలా. జనం మోకాళ్ళ మీద పడ్డారు. అదే క్షణాన టాంకు కిందినుంచి తెల్లటి నురగ బయటికొచ్చింది. పొంగి, ఇంజను మీదికి కారింది. గిల్డార్డో పెళ్ళాం కెవ్వుమంది. సైతాను నురగ కక్కుతున్నాడని ఫాదర్ గారు ఆనందంతో ఏడ్చారు.

ఇంతలో మళ్ళీ కేక.

మళ్ళీ చిమ్మారు — నిశ్శబ్దం. కాసేపటికి కేక. చిమ్మారు... నిశ్శబ్దం... కేక. అలా బకెట్టు అడుగంటింది. ఫాదర్ గారు నావైపు చూశారు, నేను ఖాళీ బకెట్టువైపు చూశాను. గిల్డార్డో లేచి, తల వంచుకుని హ్యాండిల్ పట్టుకున్నాడు. లోయ రెండడుగుల దూరంలో ఉంది.

ఎడెల్మిరా వాణ్ణి పక్కకి నెట్టింది. ఇందాకటినుంచీ ఆవిడ ఒక్కతే మోకాళ్ళ మీద లేదు. బండినే చూస్తోంది. ఎవరో తాగడానికి తెచ్చుకున్న బెల్లం నీళ్ళ కూజా అందుకుని, అదే చోట, టాంకు కింద ఎడమ పక్కన పోసింది.

బండి నోరు మూసుకుంది.

ఎడెల్మిరా కూజా కింద పెట్టింది.

"ఫాదర్ గారూ, మీ సైతాను బెల్లం నీళ్ళకి కూడా భయపడుతున్నాడే."

కేక మళ్ళీ మొదలయ్యేలోగా ఆవిడ టార్చి నా చేతిలో పెట్టి, బండి పక్కన కూలబడింది. ఇంజనుకీ, పెట్రోలూ గాలీ కలిపే కార్బురేటరుకీ మధ్య ఓ రబ్బరు గొట్టం ఉంటుంది. దాని చుట్టూ వేలు తిప్పింది. ఓ చోట ఆగి బొటనవేలితో గట్టిగా అదిమింది. బండి ఊరుకుంది. వేలు తీసింది — అరిచింది. పెట్టింది... తీసింది... పెట్టింది.

"పీలుస్తోంది నెస్తోరన్నా," అంది నాతో, గొంతు తగ్గించి. "ఇక్కణ్ణుంచి దొంగగాలి పీలుస్తోంది."

తాళం తిప్పి ఆర్పేసింది. తర్వాత వేళ్ళు వాసన చూసుకుంది. మళ్ళీ చూసుకుంది. ఆవిడ ముఖం మారిపోయింది. ఇది నా బట్టలుతికే సబ్బు, అంది.

గొట్టం చుట్టూ ఏదో గుడ్డ చుట్టి ఉంది, నల్లగా జిడ్డుగా. విప్పి లాగితే మూరెడు వచ్చింది. టార్చి వెలుగులో చూస్తే లోపలి మడత ఎర్రగా ఉంది. అది ఎడెల్మిరా డాన్సు లంగా అంచు. పోయినేడాది దండెం మీది లంగా అంచు చిరిగిపోతే, అది నా మేక తినేసిందని ఆవిడ వీధిలో నిలబడి మా ఏడు తరాలనీ తిట్టింది. సబ్బు బిళ్ళ నేనే ఎత్తుకెళ్ళానని అందరికీ చెప్పింది. నా మేక నిర్దోషి అని తేలిన ఆ క్షణంలో నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

జరిగింది అందరికీ తెలిసిపోయింది. గొట్టం ఎప్పుడో పగిలింది. కొండెక్కి, తోటలన్నీ తిరిగి ఇంజను కాగితే పగులు తెరుచుకునేది. చెయ్యి పూర్తిగా తీసేస్తే పెట్రోలు తగ్గి, ఆ పగుల్లోంచి గాలే ఎక్కువ దూరేది, బండికి వెర్రెత్తేది. అర్సేసియోకి ఇది తెలుసు. అందుకే మలుపులో చెయ్యి తీసేవాడు కాదు, కాస్త తెరిచి పట్టుకునే దిగేవాడు. కొత్త గొట్టం తెప్పించడానికి ఒళ్ళు బరువై, పగుల్లో సబ్బు కూరి, పెళ్ళాం లంగా చింపి చుట్టేశాడు. వాడు పోయాక సబ్బు ఎండి పగుల్లోంచి రాలిపోయింది, గుడ్డ మడతల్లో మిగిలిందే ఇందాక నురగై పొంగింది. ఫాదర్ గారు అనుకున్నట్టు వాడు నాస్తికుడేం కాదు, ఉత్త బద్ధకస్తుడు.

ఎడెల్మిరా ఆ గుడ్డ పట్టుకుని దారి మధ్యలో నిలబడి మొగుణ్ణి తిట్టింది. చచ్చీ సాధిస్తున్నాడంది. ఆ తిట్లు విని ఫాదర్ గారు నన్ను తీసుకుని త్వరగా వెళ్ళిపోయారు.

కొత్త గొట్టం బస్సు డ్రైవరు చేత పట్నం నుంచి తెప్పించుకుంది. ఆవిడే బిగించింది. అంచులు గీకి, శుభ్రం చేసి, క్లిప్పులు రెండూ గట్టిగా తిప్పింది. తర్వాత కొండెక్కించి, ఇంజను కాగాక చుట్టూ నీళ్ళు చల్లి చెవి పెట్టి విన్నాం. మోతలో ఏ తేడా రాలేదు. ఎక్కడా గాలి పీల్చడం లేదు.

దిగేటప్పుడు వెనక నేను కూర్చున్నాను. మలుపు వచ్చింది. ఆవిడ చెయ్యి తీసి సిలువ వేసుకుంది. బండి గొంతు దిగింది... తుక్... తుక్... గూడు దగ్గర ఆపేసింది. తాళం తిప్పేసింది.

అక్కడ చీకట్లో ఆగకూడదని నేను గొణిగాను. ఆవిడ వినలేదు. కొట్టం వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది. మంచి శాలువా కప్పుకుని ఉంది.

"అరవ్వేం?" అంది, చాలా చిన్నగా.

ఎవరూ అరవలేదు. మొగుడి అంత్యక్రియల్లో కూడా ఏడవని మనిషి, అక్కడ శాలువాతో ముఖం తుడుచుకుని, కంట్లో దుమ్మంది. ఆ పూట గాలే లేదు. దెయ్యం ఉన్నప్పుడు ఆవిడకి రొట్టెలే పోయాయి. ఇప్పుడు దెయ్యం కూడా పోయింది.

సంచిలోంచి ఆ ఎర్రగుడ్డ తీసింది. ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చింది. గూడు కమ్మీలకి ముడి వేసింది.

"నీది నువ్వే ఉంచుకో," అని బండెక్కింది.

మర్నాడు సాయంత్రానికి గుడ్డ లేదు. ముడి కూడా లేదు. గాలికి ఊడిపోయే ముడి కాదది, నేను చూశాను. ఊరు మళ్ళీ గుప్పుమంది. అర్సేసియో వచ్చి తీసుకెళ్ళాడు. పెళ్ళాం మీద ప్రేమతో లంగా అంచు కోసం పైలోకం నుంచి దిగొచ్చినవాడు దెయ్యం ఎలా అవుతాడన్నారు తోట కూలీలు. ఇప్పుడు ఆ బండి మీద వచ్చిన రొట్టె తింటే కాపురాలు బాగుంటాయట. పెట్టె కొండ సగం ఎక్కకముందే ఖాళీ అవుతోంది. గిల్డార్డో కూడా తింటున్నాడు.

ఎడెల్మిరా మా ఇంటికొచ్చి మరీ చెప్పింది. ఏడుస్తూ, నవ్వుతూ చెప్పింది.

"తీసుకెళ్ళాడు నెస్తోరన్నా. బతికుండగా ఇంట్లో ఒక్క వస్తువు కూడా తీసి దాచని మనిషి..."

సంతోషం తల్లీ అన్నాను. ఆవిడ వెళ్ళాక మేక పాలు పితకడానికి పెరట్లోకి వెళ్ళాను. మేక దగ్గుతోంది. గొంతులో ఏదో అడ్డుపడినట్టుంది... దీపం దగ్గరికి తెచ్చాను. నోటి పక్కనుంచి ఓ పోగు వేలాడుతోంది. పట్టుకుని లాగాను. ఇంకా వచ్చింది... ఇంకా వచ్చింది...

ఎర్రగా.

ఆ రాత్రి నుంచీ మేకనీ కట్టేశాను, నోరూ కట్టేసుకున్నాను.