వార్తలు రాని టీవీ

“నిజం చెప్పండి! ఈ ఇల్లు అమ్మేస్తున్నారా?”

గరిటె చేత్తో పట్టుకునే హెలెన్ వంటింట్లోంచి వచ్చింది. టేపు పట్టుకుని హాలు గోడ కొలుస్తున్న రత్నకుమార్ ఉలిక్కిపడి భార్య వంక చూశాడు.

“అమ్మడమేమిటే! కంప్యూటర్ పెట్టి టీవీకి తగిలిస్తానని చెప్పానుగా. సినిమాలూ పాటలూ అన్నీ అందులోనే దాచుకోవచ్చు. ఏ గదిలో కావాలంటే ఆ గదిలో చూసుకోవచ్చు. వైరు ఎంత పడుతుందో కొలుస్తున్నాను.”

ఏ గదిలో కావాలంటే ఆ గదిలోనట! ఉన్నవే రెండు గదులు! యూనివర్సిటీ ల్యాబులో పని, ఆదివారం చర్చిలో పాట తప్ప మరో ధ్యాస లేని ఈ మనిషికి ఇప్పుడు సినిమాలా? పైగా నిన్న ఫోన్లో ఎవరితోనో గుసగుసలు... “గోడ అవతల ఒప్పుకుంటేనే పని అవుతుంది. హెలెన్‌కి అప్పుడే చెప్పకు” అని! గుంటూరు నుంచి పెద్ద బావగారేమో, “రాష్ట్రం విడిపోతే అక్కడెలా ఉంటారు? అమ్ముకుని వచ్చేయండి” అని రోజూ ఫోన్లు. పాత వీడియో క్యాసెట్లన్నీ అట్టపెట్టెలోకి ఎప్పుడు సర్దాడో కూడా తెలియదు. ఇవన్నీ చూసి ఆ ఇల్లాలు ఏమనుకోవాలి!

ఒకే గోడకు ఇటు వీళ్ళు, అటు ప్రమీలమ్మ వాళ్ళు. తార్నాకకు కాపురానికొచ్చిన నాటి నుంచీ అంతే. సాయంత్రమైతే ప్రమీలమ్మ, భర్త లక్ష్మీనర్సయ్య, కూతురు జ్యోతిర్మయి ఈ హాల్లోకే వచ్చి టీవీ చూసేవారు. చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం కూడా ఇక్కడే! అలాంటిది ఆ రోజు... ప్రత్యేక రాష్ట్రం కోసం కదిలిన విద్యార్థుల మీద యూనివర్సిటీ క్యాంపస్‌లో లాఠీఛార్జి అని టీవీలో చూపిస్తున్నారు. అక్కడే చదివే జ్యోతిర్మయి ఇంకా ఇల్లు చేరలేదు. ప్రమీలమ్మ ముఖం చూడలేక హెలెన్ గబుక్కున ఛానల్ మార్చింది.

“మా పిల్లలు దెబ్బలు తింటుంటే నీకు సూడబుద్ధి అయితలేదా వదినా?” అని ప్రమీలమ్మ లేచి వెళ్ళిపోయింది. పిల్ల క్షేమంగానే వచ్చింది. ప్రమీలమ్మ మాత్రం మళ్ళీ గడప తొక్కలేదు.

“వెళ్ళిపోదాం లెండి! పలకరించే మనిషి లేని చోట ఉండి ఏం చేస్తాను!” అంటూ హెలెన్ భోరుమంది. వెళ్ళాలనుందో, ఉండాలనుందో ఆమెకే తెలియడం లేదు.

రత్నకుమార్ డ్రిల్లింగ్ మిషన్ అందుకున్నాడు. అమ్మే ఇంటికి ఎవరైనా బెజ్జాలు పెడతారా? హెలెన్‌కు మరీ అయోమయమైపోయింది.

మిషన్ గుర్రుమంటూ గోడలోకి దిగింది. అవతల ఏదో పడిన చప్పుడు! ఆ వెంటనే కేక!

రత్నకుమార్ మిషన్ ఆపేశాడు. “అయ్యో... ఇటు వైపే కొలిచాను! అటు దేవుడి గూడుందని మరిచేపోయాను!”

హెలెన్ తల పట్టుకుంది. ఉన్న గొడవలు చాలవన్నట్టు దేవుడి గూడే పగలగొట్టారా! ప్రమీలమ్మ ఇక ఈ జన్మలో మాట్లాడదు...

బెజ్జంలోంచి ప్రమీలమ్మ గొంతు వినిపించింది. “అన్నా! మా నర్సింహస్వామి పటం కింద పడ్డదే! జర ఆగు, పక్కకు జరుపుతా. అద్దం పగల్లేదు తియ్యి!”

“వదినకి ముందే తెలుసా?” హెలెన్ నోరు తెరిచింది.

“నిన్న ఫోన్లో మాట్లాడింది జ్యోతితోనే. తనూ లక్ష్మీనర్సయ్యా కలిసి పొద్దున్నే ఒప్పించారు. రెండిళ్ళకూ ఒకటే కంప్యూటర్. మన క్యాసెట్లలో జెస్సికా బాప్తిస్మం, జ్యోతి చెవులు కుట్టిన వేడుక... అన్నీ అందులోకి ఎక్కిస్తాను. ఇందులో వార్తలు రావే హెలెన్! మనం వేసినవే వస్తాయి. ఆవిడ మళ్ళీ మనసు మార్చుకుంటుందేమోనని నీకు చెప్పలేదు. ఆశ పెట్టి ఏడిపించడం దేనికని...”

జెస్సికా వాళ్ళమ్మాయే. తల్లి ఏడుపు విని లోపలి గదిలోంచి వచ్చి నిలబడింది. హెలెన్ ఎవరినీ చూడలేదు. గోడకు ముఖం ఆనించింది.

“వదినా... ఆ రోజు నేను ఛానల్ మార్చింది నీ ముఖం చూడలేకే!”

అవతల గోడకు దగ్గరగా గాజుల చప్పుడైంది.

“నాకు ఎర్కలేదా వదినా? కోపంల అన్న. మళ్ల ఏం ముఖం పెట్టుకొని రావాలె అని సిగ్గయింది...” అంది ప్రమీలమ్మ.

రత్నకుమార్ హుషారుగా వైరు అందుకున్నాడు. “ఇదిగో అమ్మా, లోపలికి తోస్తున్నాను. పట్టుకో!”

“వైరెందుకన్నా? గీడ ఒక్కదాన్నే కూసొని ఏం సూస్త? చిక్కుడుకాయలు పట్టుకొని గాడికే వస్తున్న!”

రత్నకుమార్ వైరు చేత్తో పట్టుకుని తెల్లబోయాడు. “మరి ఈ బెజ్జం?”

“ఉండనివ్వండి! పూడ్చారంటే ఊరుకోను!”

హెలెన్ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ తలుపు తీయడానికి పరుగెత్తింది.