ప్యాకెట్టు మీది నంబరు

ట్రినిడాడ్ దీవిలోని మయారో ఊరి బజార్లో ఎర్మిన్ తన కొట్టు తెరిచేసరికే లోపల వంటింట్లో పెనం మీద రొట్టెలు మాడుతున్నాయి. ఆరో నెల కడుపుతో ఉన్న కోడలు కెజియా రేడియోకి చెవులప్పగించి నిలబడింది. బయటి దేశం నుంచి వచ్చిన ఉప్పు ప్రూన్లలో, అంటే ఉప్పేసి ఎండబెట్టిన పుల్లటి పళ్లలో, సీసం అనే విషలోహం కలిసిందట. ఫలానా నంబరున్న ప్యాకెట్లలోవి తినొద్దు, కొన్నచోటే తిరిగిచ్చెయ్యండి అంటున్నారు.

కెజియా విసురుగా కొట్లోకి వచ్చింది. "అత్తయ్యా, ప్రూన్ల ప్యాకెట్లేవి? నంబరు చూడాలి."

"ఇంకెక్కడి ప్యాకెట్లే? వచ్చిన రోజే జాడీలో పోసి, కవర్లు పెరట్లో తగలబెట్టేస్తాను. మా అమ్మా అంతే చేసేది."

"మరి మనవి ఆ నంబరువో కాదో ఎలా తెలుస్తుంది?"

"తెలియక్కర్లేదు. నా కొట్లో చెడ్డ సరుకుండదు."

ఆ మాట కుండబద్దలు కొట్టినట్టే అంది గాని, ఎర్మిన్ గుండెల్లో రాయి పడింది. నోటికి పుల్లగా ఉంటాయని మూడు నెలలుగా కోడలికి ఆ ప్రూన్లు పెడుతున్నది తనే. ఒప్పుకుంటే పుట్టబోయే బిడ్డకి విషం పెట్టానని ఒప్పుకున్నట్టే. అంతకంటే కోడల్ని తిట్టడం తేలిక.

"రేడియోవాడు నంది అంటే నంది, పంది అంటే పందీ నీకు! నిన్నటిదాకా లొట్టలేసుకుంటూ తిన్నావు. ఇవాళ నేను హంతకురాలినయ్యానా?"

"అయ్యారో లేదో నంబరుంటే తెలిసేది! దాన్నీ బూడిద చేశారుగా."

"నోర్ముయ్! ఇదిగో చూడు." ఎర్మిన్ ఒక ప్రూన్ నోట్లో వేసుకుని చప్పరించింది.

కెజియా కళ్లు ఎర్రబడ్డాయి. "అంత మంచివైతే నేనూ తింటాను." జాడీలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసింది.

అది నోటిదాకా వెళ్లకముందే ఎర్మిన్ ఆ చేతి మీద ఛెళ్లున కొట్టింది. ప్రూన్లు నేలంతా దొర్లాయి.

"చూశారా, మీకూ భయమే," అంది కెజియా.

ఎర్మిన్ నోట్లోది ఉమ్మేసింది. తలకి గుడ్డ కట్టుకుని కొట్టు మూసేసింది. కోడల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరింది.

"రోజుకి ఎన్ని తినేదానివమ్మా?" అనడిగింది నర్సు, కెజియాకి రక్తం తీస్తూ.

కెజియా అత్త వైపు ఒకసారి చూసింది. "రెండో, మూడో. నేనే జాడీలోంచి తీసుకునేదాన్ని."

ఎర్మిన్‌కి దుఃఖం పొంగుకొచ్చింది. పొద్దున్నుంచి తిట్లు తిన్న పిల్ల, పరాయి మనిషి ముందు తనని వెనకేసుకొస్తోంది.

"అబద్ధం, నర్సమ్మా. పది. రోజూ పది. నా చేత్తో నేనే పెట్టాను," అంది ఎర్మిన్ ఏడుస్తూ. "అలాగే రాయి. తక్కువ రాస్తే బిడ్డకే నష్టం."