గాలికి ఎదురుగా ఒక్క బంతి

"ఆ పేరు మీంచి చెయ్యి తియ్యి."

ఆరు రోజుల మౌనం తర్వాత ఆమోస్ నొవాక్ ఇలోనా సాబోతో అన్న మొదటి మాట అది.

ఇలోనా తియ్యలేదు. గోడకున్న ఇనప బోర్డు మీద అయస్కాంతంతో అతుక్కున్న చిన్న పలక ఆమె వేళ్ల కింద ఉంది. దాని మీద గ్రేడీ హాల్వర్సన్ అన్న పేరుంది. ఆమె దాన్ని తాపీగా కిందికి జరిపి, ఖాళీ అయిన చోట డెస్మండ్ ప్రూయిట్ పలక పెట్టింది.

"ఇప్పుడు చూడ్డానికి బాగుంది," అంది.

"ఇదేమన్నా మీ ఇంట్లో గోడనుకున్నావా, నీ ఇష్టమొచ్చిన ఫొటో తగిలించుకోడానికి?"

"మా ఇంట్లో గోడైతే నిన్ను కూడా తగిలించేదాన్ని. తలకిందులుగా."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమోస్‌కి చెవులు ఎర్రబడ్డాయి. అతనికి కోపం వచ్చినా చెవులే, సిగ్గు వచ్చినా చెవులే. ఆ సంగతి గదిలో అందరికంటే బాగా తెలిసింది ఇలోనాకే కాబట్టి ఆమె బోర్డు వైపు తిరిగిపోయింది.

ఆ సాయంత్రం ఎనిమిదింటికి డ్రాఫ్ట్. దేశంలోని అమెరికన్ ఫుట్‌బాల్ జట్లన్నీ వంతుల వారీగా కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునే రోజు. టొలీడో పైలట్స్‌ది నాలుగో వంతు. వాళ్లకి కావలసింది క్వార్టర్‌బ్యాక్. బంతి విసిరేదీ ఆట నడిపేదీ వాడే. గెలిస్తే ఊరంతా నెత్తిన పెట్టుకునేది వాణ్ణే, ఓడితే దుమ్మెత్తిపోసేదీ వాణ్ణే.

గ్రేడీని కనిపెట్టింది ఆమోస్. ఎరీ సరస్సు ఒడ్డున ఒక పెద్ద కాలేజీ, ఆరడుగుల అయిదంగుళాల మనిషి, ఫిరంగి లాంటి చెయ్యి. డెస్మండ్‌ని కనిపెట్టింది ఇలోనా. అయొవాలో మొక్కజొన్న చేల మధ్య పేరు తెలియని కాలేజీ, ఆరడుగులు కూడా లేని మనిషి, మామూలు చెయ్యి. కానీ అవతలి జట్టువాళ్లు ఎంత గట్టిగా పడేసినా లేచి, పక్కవాణ్ణి లేపి, మళ్లీ నిలబడతాడు.

ఆమోస్‌కి ఇది ఆట కాదు. మూడేళ్ల కిందట అతను పట్టుబట్టి తెప్పించిన క్వార్టర్‌బ్యాక్ రెండు సీజన్లు తిరక్కుండానే మూట సర్దుకుని వెళ్లిపోయాడు. రేడియోలో ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేసి ఆ పేరెత్తుతారు. ఇలా కుర్రాళ్లని వెతికి చూపించే స్కౌట్ల కాంట్రాక్టులు డ్రాఫ్ట్ అయ్యాక మే నెలలో ముగుస్తాయి. రెండోసారి కూడా తప్పు మనిషిని చూపించిన స్కౌట్‌కి ఏ ఊళ్లోనూ మూడోసారి ఉండదు.

ఆ పుండు మీదే ఇలోనా కారం చల్లింది. పోయిన శుక్రవారం మీటింగులో, అందరి ముందూ, "ఆమోస్ చూస్తున్నది గ్రేడీని కాదు, మూడేళ్ల కిందట పోయిన తన పరువుని," అంది. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. సెప్టెంబరు నుంచి ఒకే కారులో కాలేజీలన్నీ తిరిగి, ఒకే గొడుగు కింద తడిసి, ఒకే ప్లేట్లో చిల్లీ డాగ్ పంచుకుని తిన్న ఇద్దరి మధ్య ఆ రోజు నుంచి మాటల్లేవు.

"అయిపోయిందా మీ సరసం?" అంటూ హార్లన్ బక్నర్ లోపలికొచ్చాడు. పైలట్స్ జనరల్ మేనేజరు. ముప్పై ఏళ్లుగా డ్రాఫ్టులు చూసి జుట్టు పోగొట్టుకున్న మనిషి. "పుస్తకాలు మార్చుకోండి."

అది హార్లన్ పెట్టిన ఆనవాయితీ. ఇద్దరు స్కౌట్లు ఎంతకీ ఒప్పుకోకపోతే, డ్రాఫ్ట్ రోజు మధ్యాహ్నం ఒకరి నోట్సు పుస్తకం ఒకరు తీసుకోవాలి. అవతలివాడి పుస్తకం చూస్తూ అవతలివాడి కుర్రాడి తరఫునే వాదించాలి. "సొంత పిల్లాణ్ని ఎవడైనా ముద్దు చేస్తాడు. పక్కింటి పిల్లాణ్ని ఎత్తుకోండి, బరువు తెలుస్తుంది," అంటాడు హార్లన్.

స్కౌట్ పుస్తకమంటే డైరీ కంటే ఎక్కువ. ఆమోస్ తన పచ్చ అట్ట పుస్తకాన్ని బల్ల మీద పెట్టి ఆమె వైపు తోశాడు. ఇలోనా తన ఎర్ర పుస్తకాన్ని ఒక్క క్షణం గుండెకి ఆనించుకుంది.

"అన్నీ చదవక్కర్లేదు. అక్టోబరు పేజీలు దాటేయ్," అంది.

"నాకు చెప్పకు."

మొదటి వంతు ఆమోస్‌ది. బలవంతంగా మొదలుపెట్టాడు. డెస్మండ్ మూడో అడుగు వేసేలోపే బంతి ఎటు వెళ్లాలో తేల్చేసుకుంటాడని ఆమె రాసింది. ఓడిపోతున్న ఆటలో ఒకసారి, తనని పడేసిన వాడి షూ లేసు ఊడితే చూపించి కట్టుకోమన్నాడని రాసింది. చదువుతున్న కొద్దీ ఆమోస్ గొంతు మారింది. "వీడికి భయం లేకపోవడం కాదు సర్, భయపడటానికి తీరిక లేదు," అన్నాడు. ఆ మాట పుస్తకంలో లేదు. అది అతని సొంతం.

పేజీ తిప్పాడు. అక్టోబరు.

అయొవాలో వాన రోజు. డెస్మండ్ గురించి పదహారు వరుసలున్నాయి. అంచున వేరే సిరాతో చిన్న అక్షరాలున్నాయి. ‘పక్కన కూచున్నవాడు చలికి వణుకుతున్నాడు. కోటు ఇస్తే వద్దన్నాడు. మొండివాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. నచ్చాడు.’

గదిలో గడియారం చప్పుడు ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది ఆమోస్‌కి. తలెత్తాడు. ఇలోనా కిటికీలోంచి వానని చూస్తోంది, జన్మలో వాన చూడనట్టు.

"ఏమయ్యా, ఆగిపోయావు?" అన్నాడు హార్లన్.

"అయిపోయింది సర్. ఇంతే."

ఇలోనా లేచి పచ్చ పుస్తకం తెరిచింది. ఆమోస్ వాదన మొత్తం పన్నెండు బంతుల మీద నిలబడి ఉంది. మార్చిలో ప్రాక్టీసు చూడటానికి వెళ్లినప్పుడు గ్రేడీ అరవై గజాలు దాటించి విసిరిన పన్నెండు బంతులు. ‘నవంబరు ఆటల్లో వాడు దూరం విసరనే లేదు’ అని ఇలోనా ఎప్పుడు దెప్పినా, ‘విసరమనలేదు కాబట్టి విసరలేదు. చెయ్యి ఉందా లేదా? పన్నెండు బంతులు నా కళ్లతో చూశాను’ అని నోరు మూయించేవాడు.

ఆమె ఆ పేజీ చదివింది. వెనక్కి ఒక పేజీ తిప్పింది. మళ్లీ ముందుకొచ్చింది. పెన్ను మూత పంటి కింద పెట్టుకుంది.

ఆమోస్ కుర్చీలో ముందుకి జరిగాడు. పెన్ను మూత కొరికిందంటే ఆమెకి ఏదో దొరికిందని అర్థం. వీడియోలు చూస్తున్నప్పుడు వందసార్లు చూశాడు.

ఏముంది ఆ పేజీల్లో? గుర్తు చేసుకున్నాడు. మొదటి పేజీ పైన వాతావరణం రాశాడు. ‘గాలి సరస్సు మీంచి, చాలా గట్టిగా.’ రెండో పేజీలో పన్నెండు బంతులు, ఒక్కోటి ఎటు వెళ్లిందో అలవాటు కొద్దీ రాశాడు. జెండా స్తంభం వైపు. జెండా స్తంభం వైపు. జెండా స్తంభం వైపు.

మైదానానికి ఒక చివర సరస్సు, రెండో చివర జెండా స్తంభం.

పన్నెండూ గాలివాటానే వెళ్లాయి. గాలికి ఎదురుగా ఒక్కటి కూడా లేదు. కుర్రాణ్ని ఏ వైపు నిలబెట్టాలో కోచ్‌కి తెలుసు. గాలిని ఒక పేజీలో, బంతుల్ని ఇంకో పేజీలో రాసుకుని, రెండింటినీ కలిపి చూసుకోని వెర్రివెధవ తను.

ఇలోనా తలెత్తి సరిగ్గా అతని కళ్లలోకి చూసింది. ఆ చూపులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండుననిపించింది అతనికి.

ఆమె పేజీ మూసేసింది.

"పన్నెండు బంతులు సర్," అంది. "అరవై గజాల పైన. ఇలాంటి చెయ్యి పదేళ్లకోసారి వస్తుంది. డెస్మండ్‌కి తెలివి ఉంది, ఒప్పుకుంటాను. తెలివి నేర్పొచ్చు. చెయ్యి ఎక్కణ్ణుంచి తెస్తాం?" ఆమోస్ ఎన్నడూ వాదించనంత బాగా వాదించింది. తన కుర్రాణ్ని తన చేతుల్తోనే పక్కకి నెట్టేసింది. గదిలో తలలూగాయి.

హార్లన్ లేచి బోర్డు దగ్గరికి నడిచాడు. గ్రేడీ పలక తీసి పైన పెట్టాడు.

"సరే. గ్రేడీ."

ఆమోస్ గెలిచాడు. ఉద్యోగం నిలబడింది. రేడియో వాళ్ల నోళ్లు ఒక ఏడాది పాటైనా మూతపడతాయి. తప్పు ఎప్పుడో బయటపడుతుంది, అప్పటికి ఎవరెక్కడుంటారో. పుస్తకం ఆమె చేతిలో ఉంది, ఆమె చెప్పదు. అయొవాలో ఆ సన్నని కుర్రాడు వాళ్లమ్మ పక్కన కూచుని ఫోన్ వైపు చూస్తూ ఉంటాడు.

ఇలోనా పుస్తకాన్ని రెండు చేతులా మూసి పట్టుకుంది. వేళ్లు తెల్లబడ్డాయి.

"సర్," అన్నాడు ఆమోస్. లేచి నిలబడ్డాడు. "సర్, ఆ పన్నెండు బంతులూ తీసెయ్యండి. అన్నీ గాలివాటానే విసిరాడు. నేను చూసుకోలేదు. నా తప్పు."

తలలూపినవాళ్లంతా అతని వైపు తిరిగారు.

"ఆమోస్!" అంది ఇలోనా.

"వాడి చెయ్యి ఎంతో నాకు నిజంగా తెలీదు. గాలికి ఎదురుగా వాడు విసరగా నేను చూడలేదు. తెలిసినట్టు నెల రోజులుగా అరుస్తున్నాను."

హార్లన్ పుస్తకం అడిగి తీసుకున్నాడు. రెండు పేజీలూ చూశాడు. చాలాసేపు చూశాడు.

"అమ్మాయ్, నీకు ముందే కనిపించింది కదూ?"

"ఇవాళ నా పని గ్రేడీ తరఫున మాట్లాడటం అన్నారు కదా సర్."

"మాట్లాడమన్నాను. దాచమన్లేదు."

ఇలోనా తల దించుకుంది. హార్లన్ పుస్తకం ఆమెకి తిరిగిచ్చి, బోర్డు దగ్గరికెళ్లి పలకలు మళ్లీ మార్చాడు. డెస్మండ్ పైకి వచ్చాడు.

"నా కాంట్రాక్టు..." అన్నాడు ఆమోస్.

"ముందు ఈ సాయంత్రం గడవనీ," అన్నాడు హార్లన్, వెనక్కి తిరక్కుండానే.

ఎనిమిది దాటి పావుగంట అయ్యేసరికి గదిలో ఎవరూ కూర్చుని లేరు. మొదటి రెండు జట్లూ అనుకున్నవాళ్లనే తీసుకున్నాయి. మూడో జట్టుకి కూడా క్వార్టర్‌బ్యాక్ కావాలి. టీవీలో గడియారం పది నిమిషాల నుంచి కిందికి దిగుతోంది. ఏడు. అయిదు. ఇలోనా పెన్ను మూత నమిలి నమిలి చీల్చేసింది. ఆమోస్ తనకి తెలియకుండానే వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. రెండు నిమిషాలుండగా పేరు వచ్చింది.

గ్రేడీ హాల్వర్సన్.

గదిలో కేకలు మొదలయ్యాయి. హార్లన్ చెయ్యెత్తి అందర్నీ ఆపి, అయొవాకి ఫోన్ చేశాడు. "బాబూ డెస్మండ్, టొలీడోలో చలి ఎక్కువ. వస్తావా?" అన్నాడు. అవతలి నుంచి వాళ్లమ్మ ఏడుపు అందరికీ వినిపించింది. ఇలోనా కూడా ఏడ్చింది, సిగ్గు పడకుండా.

ఫోన్ పెట్టేసి హార్లన్ ఆమోస్ ముందుకొచ్చాడు. "ముప్పై ఏళ్లలో నాకు తప్పులు చెప్పిన స్కౌట్లు చాలామంది. అందరూ డ్రాఫ్ట్ అయ్యాకే చెప్పారు. జూన్‌కి కొత్త పుస్తకం కొనుక్కో. ఈ అమ్మాయికి కూడా ఒకటి కొను. మీ ఇద్దరికీ ఒకటే కారు." వెళ్లబోతూ ఆగాడు. "పెళ్లికి మాత్రం ఆదివారాలు పెట్టుకోకండి. ఆటలుంటాయి."

ఆమోస్ చెవులు భగ్గుమన్నాయి.

బయట వాన ఇంకా పడుతోంది. మెట్ల మీద కప్పు కింద ఇద్దరూ నిలబడ్డారు. గొడుగు ఒక్కటే ఉంది, ఎవరూ తెరవలేదు.

"శుక్రవారం నేనన్నది తప్పు," అంది ఇలోనా.

"తప్పు కాదు. నిజమే అన్నావు. నలుగురి ముందు అన్నావు, అదే నొప్పెట్టింది."

"అందుకే ఇవాళ నలుగురి ముందు నోరు మూసుకున్నాను. నువ్వేమో..."

"నువ్వు మూసుకుంటే నీ కుర్రాడు పోయేవాడు, ఇలోనా. నీ కుర్రాణ్ని పోగొట్టి నా ఉద్యోగం కాపాడితే రేపట్నుంచి నీ మొహం ఎలా చూడను?" అతను ఊపిరి పీల్చుకున్నాడు. "అక్టోబరు పేజీ చదివాను."

"దాటెయ్యమన్నాను కదా!"

"మొండివాణ్నని నువ్వే రాశావుగా. నాకు నువ్వంటే ఇష్టం. ఆ కోటు వద్దన్న రోజు నుంచీ. చలికి కాదు వణికింది."

ఇలోనా సంచిలోంచి పచ్చ పుస్తకం తీసి అతని చేతిలో పెట్టి, గొడుగు తెరుచుకుని గబగబా మెట్లు దిగింది. కారు దగ్గర ఆగి, తలుపు తియ్యకుండా, అతని వైపే తిరిగి నిలబడింది.

ఆమోస్ మెట్ల దీపం కింద పుస్తకం తెరిచాడు. పన్నెండు బంతుల పేజీ. చివరి వరుస కింద, వేరే సిరాతో, చిన్న అక్షరాలతో ఉంది.

‘గాలికి ఎదురుగా విసిరిన బంతులు: ఒకటి. తేదీ: ఇవాళ. విసిరినవాడు: ఆమోస్ నొవాక్. చేరింది.’

పుస్తకం తడవకుండా చొక్కా లోపల దాచుకుని, అతను వానలోకి పరుగెత్తాడు.