పదిహేడో నంబరు ఎద్దు

ఎద్దు పరుగెడుతోంది. పగ్గం పట్టుకుని గుండప్ప పరుగెడుతున్నాడు.

వెనక గుర్రపు డెక్కల చప్పుడు... దగ్గరపడుతోంది!

తూర్పు ఇంకా తెల్లబడలేదు. అదిగో పావగడ కొండ. కింద తాలూకా కచేరి. అందులో లాకప్పు. లాకప్పులో తమ్ముడు బోరయ్య.

తెల్లారితే బొగ్గు బస్సు కదులుతుంది. బోరయ్యను తుమకూరు జైలుకు మోసుకుపోతుంది.

నేరం? సర్కారు ఎద్దును అమ్ముకున్నాడట!

అసలు వాడికి ఎద్దు అందితే కదా?

కరువులో పశువులు పోయిన రైతులకు సర్కారు తలా ఒక ఎద్దుకు డబ్బు మంజూరు చేసింది. కొమ్ము మీద నంబరు కాల్చాలని రూలు. పటేలు తిమ్మరాయప్ప పదకొండు మంది వేలిముద్రలు పుచ్చుకున్నాడు. కొన్నది ఒక్కటే ఎద్దు! తనిఖీ ఏ ఊళ్లో ఉంటే ఎద్దు ఆ ఊళ్లో ఉంటుంది. పాత నంబరులో లక్క నింపుతారు. పైన రంగు పూస్తారు. పక్కన కొత్త నంబరు కాలుస్తారు. ఆఫీసర్ల కన్నా ఎక్కువ క్యాంపులు తిరిగిన ఎద్దు. భత్యం మాత్రం పటేలుకి.

మొన్న తాలూకా అధికారి అమల్దారు చెప్పకుండా తనిఖీకి వచ్చాడు. బోరయ్య కొట్టం ఖాళీ. అమ్ముకున్నాడని పటేలు ప్రమాణం చేశాడు.

కచేరి గేటు... ఇంకో పది అడుగులు...

ఢాం!

ఎద్దు మోకాళ్ల మీద కూలింది.

బస్సు పక్కన నిలబడ్డ అమల్దారు ఉలిక్కిపడ్డాడు. తిమ్మరాయప్ప తాపీగా గుర్రం దిగాడు. తుపాకీ ఇంకా పొగలు కక్కుతోంది.

"పిచ్చెద్దు సామీ. మీ మీదికే వస్తా ఉండె."

గుండప్ప ఒక్క గెంతు గెంతాడు. బస్సు వెనక బొగ్గు పొయ్యి. పట్టకారుతో నిప్పు లాగాడు. కొమ్ముకు ఆనించాడు.

బతికున్న ఎద్దయితే నిప్పును దగ్గరికి రానిచ్చేది కాదు. పటేలు ఆ సంగతి మరిచాడు!

రంగు పొంగింది. లక్క కారింది. లెక్క బయటపడింది.

అమల్దారు వంగి చదివాడు. నాలుగు... తొమ్మిది... పదకొండు...

గుండప్ప నిప్పును ఇంకాస్త జరిపాడు.

"పదిహేడు."

బోరయ్య నంబరు!

జవాను తుపాకీ లాక్కున్నాడు. పటేలు మొహం మాడింది. అమల్దారు మాత్రం ఇంకా గుండప్పనే చూస్తున్నాడు.

"ఎక్కడ కాల్చాలో నీకెట్ల తెలుసు?"

ఎవరో చెప్పారనవచ్చు. కానీ పటేలు ప్రమాణాన్ని కొట్టేయాలంటే ఇంకో ప్రమాణం కావాలి. గుండప్ప చేతులు చాచాడు. పది వేళ్ల కొనల మీదా కాలిన మచ్చలు.

"లక్క నింపింది నేనే సామీ."

"పదిహేడు కూడానా?"

"నాకు సదువు రాదు సామీ. అది మా వాని నంబరని యాడ తెలుసు?"

పటేలుకు కొమ్ము కాసిన చేతులకు బేడీలు పడ్డాయి.

లాకప్పు తలుపు కిర్రుమంది. తమ్ముడు బయటికి వచ్చాడు. అన్న లోపలికి అడుగుపెట్టాడు.

గడప మీద బోరయ్య ఆగాడు. ఆ వేళ్ల వైపు చూశాడు.

"నంబరుకి ఎంత ఇచ్చినాడన్నా?"

"రూపాయి."