సగం బిళ్ళ

రేపల్లెలో రైలు ఆగిపోతుంది. ముందుకు పట్టాలు లేవు. తెనాలిలో ఎక్కినవాళ్ళు కునుకు తీసినా దిగాల్సిన ఊరు దాటిపోయే భయం లేదు. షాహీనాకి మాత్రం ఏ భయమూ లేని చోటంటూ ఉండదు. కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుని, వేమూరు వచ్చాక వదిలింది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో తెనాలి డాక్టరమ్మ వైదేహి రాసిన చీటీ ఉన్నాయి.

సంగతేమిటంటే, నాలుగు నెలల కిందట షాహీనా ఆరేళ్ళ కూతురు రుక్సానా చెయ్యి పట్టుకుని బజారుకి వెళ్తూ నడిరోడ్డు మీద కుప్పకూలింది. గుండె దడదడ, ఊపిరాడదు, చచ్చిపోతున్నానని కేక. లారీవాడు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. అది గుండెజబ్బు కాదనీ, భయం జబ్బనీ డాక్టర్లు తేల్చారు. నిద్రకి ఒక చిన్న తెల్లబిళ్ళ ఇచ్చారు. అది మింగితే షాహీనా మొద్దులా పడుకునేది. బాపట్ల నుంచి వచ్చిన అత్తగారు షాహీదా రెండు రోజులు చూసి, పిల్ల బట్టలు సంచిలో సర్దింది.

"రాత్రి పిల్ల లేచి వీధిలోకెళ్ళినా నీకు మెలకువ రాదు. ఆ బిళ్ళ మానేసిన రోజు వచ్చి తీసుకెళ్ళు" అంది.

అత్తగారి మాట కటువే గాని అబద్ధం కాదు. అందుకే షాహీనాకి మరీ మండింది. బిళ్ళ మానాలి, పిల్ల రావాలి. ఇంక ఆమెకి వేరే లోకం లేదు.

వైదేహి గారు చెప్పాల్సిందంతా చెప్పారు. పొద్దున మింగడానికి కొత్త బిళ్ళ ఇచ్చారు. అది పనిచెయ్యడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అందాకా రాత్రి బిళ్ళ నిండుగా వేసుకోవాలి. ఆ తర్వాత సగం, ఆపైన పావు. తొందరపడి మానితే మెదడు ఎదురు తిరుగుతుంది. షాహీనా "అలాగేనండి" అంటూనే ఉంది. చెవులు డాక్టరమ్మ దగ్గర, మనసు బాపట్లలో.

రేపల్లె స్టేషను దగ్గర మందుల షాపు తోమాసుది. మా ప్రాంతంలో చీటీ ఎవరూ చదవరు. అది డాక్టర్లకీ షాపువాళ్ళకీ మధ్య నడిచే రహస్యం. జనం చదివేది మందుల కవరే. తోమాసు చదువురాని ముసలమ్మల కోసం ఒక పద్ధతి పెట్టాడు. పొద్దున మందుకి కవరు మీద సూర్యుడు, రాత్రి మందుకి చంద్రుడు. తర్వాత అది అందరికీ అలవాటైంది. ఆ రోజు బిళ్ళల షీట్లు కత్తిరించి, కొత్త బిళ్ళ కవరు మీద గుండ్రంగా సూర్యుణ్ణి గీశాడు. తెల్లబిళ్ళ కవరు మీద శ్రద్ధగా సగం చంద్రుణ్ణి గీశాడు.

"గుర్తుంటుందా చెల్లెమ్మా?" అన్నాడు.

"ఉంటుందన్నయ్యా."

గుర్తుంది. నిండు సూర్యుడు, నిండు బిళ్ళ. సగం చంద్రుడు, సగం బిళ్ళ. ఆశపడ్డ మనిషికి అన్నీ తనకి కావలసినట్టే కనిపిస్తాయి.

షాహీనా జాకెట్లు కుడుతుంది. కుట్లు విప్పే బ్లేడుతో ఆ రాత్రి బిళ్ళని సగానికి కోసింది. ఒక సగం మింగి, రెండో సగాన్ని కుట్టుమిషను పక్కనున్న బొత్తాల డబ్బాలో వేసింది. రైసుమిల్లు నుంచి వచ్చిన భర్త ఇంతియాజ్, బనీను నుంచి ఊకదుమ్ము దులుపుకుంటూ చూశాడు.

"అప్పుడే సగమా? మంచిదేగా" అన్నాడు.

ఐదో రోజు మధ్యాహ్నం మొదలైంది.

ఎండ మండిపోతోంది. మిల్లుల వైపు నుంచి ఉడికిన వడ్ల వాసన వస్తోంది. వీధిలో అలికిడి లేదు. షాహీనా జాకెట్టు చేతికి అంచు కుడుతూ కాలు ఆపింది. మిషను ఆగింది. గదిలో ఇంకో చప్పుడు ఆగలేదు. ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. గబగబా, పైపైన, మెట్లన్నీ పరుగున ఎక్కొచ్చినట్టు.

తనకే మొదలైందనుకుంది. గుండె మీద చెయ్యి వేసుకుంది. గుండె నిదానంగా కొట్టుకుంటోంది. ఊపిరి బిగబట్టింది.

ఆ ఊపిరి ఆగలేదు.

మిషను కింద... కాదు, తలుపు వెనక. తలుపుకీ గోడకీ మధ్య జానెడు సందులో. ఆ ఊపిరి షాహీనాకి కొత్త కాదు. ఆ జబ్బు పడ్డవాళ్ళకి అది గాజుల చప్పుడంత తెలుసు. దాని వెనకే సన్నటి గొంతు వినబడింది.

"చచ్చిపోతున్నా..."

షాహీనా వీధిలోకి పరుగెత్తింది. సాయంత్రం ఇంతియాజ్ వచ్చేదాకా అరుగు మీదే కూర్చుంది. అతను తలుపు వెనక చూశాడు, చీపురు తప్ప ఏమీ లేదు. ఆమె మాత్రం ఏదో తోచి బొత్తాల డబ్బా తెరిచింది. నాలుగు సగం బిళ్ళలు ఉండాలి. ఒక్కటీ లేదు. డబ్బా అడుగున తెల్లటి పొడి కూడా లేదు, నాకేసినట్టు నున్నగా ఉంది.

"నువ్వే మింగుంటావు" అన్నాడు ఇంతియాజ్, మెల్లగానే.

"లేదండీ."

"మింగి మర్చిపోయుంటావు."

కాదనడానికి ఆమె దగ్గర రుజువేముంది? నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఆమె మాటకి విలువ పోయింది. ఏం చెప్పినా జబ్బే మాట్లాడుతోందంటారు.

మర్నాడు ఇద్దరూ తెనాలి వెళ్ళారు. వైదేహి గారు అంతా విని, "సగం వేసుకోమని ఎవరు చెప్పారమ్మా?" అన్నారు. షాహీనా కవరు తీసి చంద్రుణ్ణి చూపించింది. డాక్టరమ్మ ముందు నవ్వారు, తర్వాత తల పట్టుకున్నారు.

"కొత్త మందు ఇంకా అందుకోనే లేదు. పాతది ఒక్కసారిగా సగానికి తగ్గింది. చప్పుళ్ళు వినపడవా మరి? మళ్ళీ నిండు బిళ్ళ మొదలుపెట్టండి. షీటు నీ భర్త దగ్గరుంటుంది. తగ్గించడం నేను చెప్పాకే."

"ఎన్నాళ్ళు పడుతుందండీ?"

"నాలుగైదు నెలలు. ఎక్కువే కావచ్చు."

షాహీనా వేళ్ళు మడిచి లెక్కేసింది. నాలుగైదు నెలలంటే రుక్సానా రెండో తరగతి కూడా బాపట్లలోనే చదువుతుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మింగితే పిల్ల రాదు, మానితే ఆ ఊపిరి. తోమాసు మీద కోపం తెచ్చుకుందామని చూసింది, అదీ రాలేదు. పాపం, అతను చంద్రుణ్ణి గీశాడంతే.

ఇంతియాజ్ షీటు బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. రాత్రి తొమ్మిదింటికి లెక్కగా ఒక నిండు బిళ్ళ ఇచ్చి, మింగేదాకా నోటికేసి చూశాడు. ఇంక సగాలు మిగల్లేదు. బొత్తాల డబ్బాలో వెయ్యడానికి ఏమీ లేదు.

మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది.

ఫ్యాను రెక్కలు ఆగేలోపే ఆ ఊపిరి వినబడింది. ఈసారి తలుపు వెనక కాదు. మిషను బల్ల దగ్గర, ఆమెకి మూరెడు దూరంలో. వేగంగా... ఇంకా వేగంగా... మధ్యలో ఎక్కిళ్ళు. బొత్తాల డబ్బా మూత దానంతటదే పక్కకి జరిగింది. లోపల బొత్తాలు కదిలాయి. ఎవరో వేళ్ళతో అడుగుదాకా కెలుకుతున్నారు. కెలుకుతున్నారు... దొరకలేదు... మళ్ళీ కెలుకుతున్నారు.

షాహీనా లేవబోయింది.

"కొంచెం..." అంది ఆ గొంతు. "కొంచెమియ్యి..."

అప్పుడు షాహీనాకి అర్థమైంది. అది తనని భయపెట్టడానికి రాలేదు. అదే భయంతో చస్తోంది. నాలుగు రోజులు సగం బిళ్ళతో సర్దుకుంది. ఇప్పుడు అదీ లేదు. ఆమెకి దాని మీద జాలి కూడా కలిగింది. ఆ జాలే ఆమె కొంప ముంచింది. మనవాళ్ళకి ఒక అలవాటుంది. గుమ్మంలో నిలబడి అడిగినవాళ్ళకి లేదని ఊరికే అనలేరు. ఎందుకు లేదో కూడా చెప్తారు.

"నా దగ్గర లేదమ్మా... మా ఆయన బీరువాకి తాళమేసుకెళ్ళాడు."

ఊపిరి ఆమె చెవి దగ్గరికి వచ్చింది.

"ఒంటరిగా ఉండలేను... ఇంట్లో... ఇంకెవరూ లేరా..."

"ఎవరూ లేరమ్మా. నా బిడ్డ కూడా లేదు. బాపట్లలో వాళ్ళ దాదీ దగ్గరుంది..."

ఊపిరి ఆగింది.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. గది ఖాళీగా ఉంది, ఉత్త మధ్యాహ్నంలా. షాహీనా బొత్తాల డబ్బాకి మూత పెట్టింది. తను ఏమందో ఆమెకి వెంటనే తట్టలేదు. మర్నాడు ఏ చప్పుడూ లేదు. ఆ మర్నాడూ లేదు. ఆకలేసింది. రెండు జాకెట్లు కుట్టింది. మందు పట్టిందని ఇంతియాజ్ సంతోషించాడు. "ఇలాగే ఉంటే డాక్టరమ్మ తొందరగా తగ్గిస్తారేమో" అన్నాడు. అది విని ఆమె కూడా నవ్వింది, నాలుగు నెలల తర్వాత మొదటిసారి.

శుక్రవారం సాయంత్రం బాపట్లకి ఫోను చేసింది. రుక్సానా ఎత్తింది. గుసగుసగా మాట్లాడింది.

"మెల్లగా మాట్లాడు అమ్మీ. ఆంటీ ఇప్పుడే పడుకుంది."

"ఏ ఆంటీ?"

"నువ్వు పంపిన ఆంటీ. ఇల్లు నువ్వే చెప్పావంట కదా."

షాహీనా ఫోను చెవికి అదిమిపట్టుకుంది.

"ఆమెకి చాలా భయం అమ్మీ. ఏడుస్తోంది. అందుకే నా దుప్పట్లోకి రమ్మన్నా."

"రుక్సానా, లే... ముందు అక్కణ్ణుంచి లే... దాదీని పిలువ్..."

ఫోను చేతులు మారిన చప్పుడైంది. అత్తగారి గొంతు ఎప్పటిలాగే నింపాదిగా ఉంది.

"ఎందుకా కంగారు? పిల్ల బాగానే ఉంది. బువ్వ తింది, హోంవర్కు రాసింది. మళ్ళీ నీకు మొదలైందా ఏంటి?"

"అత్తమ్మా, పిల్లని ఆ గదిలోంచి బయటికి తీసుకురండి. నా మాట వినండి. నేనిప్పుడే బయల్దేరతా."

"ఇప్పుడు బస్సెక్కి దారిలో పడిపోతే ఎవరు చూస్తారు? బిళ్ళ వేసుకుని పడుకో." కొంచెం ఆగింది. ఆ తర్వాత, చెప్పాలా వద్దా అన్నట్టు అంది: "ఒక్కటే తెలీట్లేదు. రెండ్రోజుల్నుంచి గోడకీ తనకీ మధ్య చోటొదిలి పడుకుంటోంది పిల్ల. పొద్దున చూస్తే ఆ చోటు చాప తడిసి ముద్దయింది. పక్క తడిపిందేమో అనుకున్నా. వాసన చూస్తే పెద్దవాళ్ళ చెమట."