‘కబురు’ టాస్కులో ఖాళీ గడి

సంబంధాలు కలపడంలో నన్ను మించినవాడు లేడు. మా మేనల్లుడి ప్రేమని గట్టెక్కించింది కూడా నా సలహాయే. ఆ కథే చెబుతున్నాను. ఇందులో ఆవగింజంత అబద్ధం కలిపితే నన్నడగండి.

మావాడు సాఫ్ట్‌వేర్ ఆఫీసులో బిల్డ్ స్క్రిప్టులు రాస్తాడు. అంటే ప్రోగ్రాము తయారవడానికి ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో కంప్యూటరుకి రాసిచ్చే చిట్టా అన్నమాట. రాసిందే మళ్ళీ రాయమంటే వాడికి ఒళ్ళుమంట. అందుకని ఒక్కో పనినీ ఒక టాస్కుగా రాసి పెడతాడు. కావలసినవాళ్ళు దాన్ని పేరుపెట్టి పిలుచుకోవడమే. వివరాల గడులు నింపే ఓపిక లేనివాళ్ళ కోసం డిఫాల్టులు, అంటే ఎవరూ ఏమీ రాయకపోతే వాటంతటవే చెల్లిపోయే జవాబులు, కూడా వాడే నింపి పెడతాడు.

“ఒక్కసారి రాస్తే చాలండీ, జన్మంతా వాడుకోవచ్చు!” అని కాలరెగరేసేవాడు. దాంతో ఆఫీసులో వాడి పేరే ‘ఒక్కసారి’ అయిపోయింది.

ఇంత వాగే నోరూ ఎదురు బల్ల దగ్గర ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే టెస్టరమ్మాయి ముందు మూడు నెలలుగా పెగల్లేదు. ఈలోగా ఆమెని వేరే ఊరి ఆఫీసుకి రమ్మన్నారు. వెళ్తుందో లేదో గురువారం సాయంత్రం ఐదింటికల్లా చెప్పాలి.

బుధవారం మావాడు ‘కబురు’ అనే టాస్కు రాశాడు. బిల్డు ముగియగానే, అది నడిపినవాళ్ళ పేరు మీద ఎవరికో ఒకరికి మెసేజ్ పంపడం దాని పని. రెండే గడులు: ఎవరికి, ఏమని. ఎవరు చూస్తార్లే అని మొదటి గడిలో ఆ అమ్మాయి నంబరు, రెండోదాంట్లో “కాఫీకి వస్తారా? మీతో ఒక మాట చెప్పాలి” అని డిఫాల్టులు పెట్టుకుని, కాసేపు చూసి మురిసిపోయాడు. ఆ మురిపెంలో తీసెయ్యడం మరిచిపోయి, టాస్కుని టీములన్నిటికీ ఇచ్చేశాడు.

గురువారం పదకొండింటికి బయట వాన దంచేస్తోంది. లోపల టెస్టరమ్మాయి ఫోను పట్టుకుని వాడి నెత్తిన నిలబడింది.

“ఏవండీ ఒక్కసారి గారూ! పొద్దున్నించి నలభై ఒక్క మెసేజులు! జీతాల టీము కాఫీకి రమ్మంటోంది. మ్యాపుల టీము రమ్మంటోంది. సెక్యూరిటీ టీము పెద్దాయన పేరు మీద తొమ్మిది! ఆయనకి మనవరాలుందండీ. పాపం, ఇప్పుడు నన్ను చూస్తే లిఫ్టు వదిలేసి మెట్లెక్కుతున్నాడు.”

“వాళ్ళు కాదండీ... వాళ్ళు గడులు నింపలేదంతే.”

“నింపకపోతే నాకెందుకొచ్చాయి?”

“డిఫాల్టండీ.”

“ఎవరూ ఏమీ అనకపోతే కాఫీకి వెళ్ళాల్సింది నేనా?”

వాడి చెవులు మిరపపళ్ళయ్యాయి. “సారీ అండీ. ఊరికే... టెస్టింగ్ కోసం పెట్టాను.”

“ఓ. టెస్టింగా.” ఆమె మొహంలో నవ్వు ఆరిపోయింది. వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

నలభై ఒక్కసార్లు చేరిన మాటని ఒక్క ముక్కతో చెడగొట్టుకున్న ఘనుడు మావాడు. మధ్యాహ్నమంతా తనని తాను తిట్టుకున్నాడు. రాసిందే మళ్ళీ రాయనివాడు తిట్టిందే మళ్ళీ తిట్టుకున్నాడు.

నాలుగూ నలభైకి వాడి స్క్రీను మీదికి ఆమె చేసిన ఒక సవరణ వచ్చింది. ‘కబురు’ టాస్కులో ‘ఎవరికి’ అన్న గడిని ఖాళీ చేసి, పక్కనే ఇలా రాసింది: “ఈ గడికి డిఫాల్టు ఉండకూడదు. ఎవరికో చెప్పకపోతే టాస్కు ఆగిపోవాలి. గమనిక: ఐదింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది.”

వాడు దిగ్గున లేచాడు. మోకాలు సొరుగుకి కొట్టుకుంది. కుంటుకుంటూనే వెళ్ళాడు.

“కాఫీకి వస్తారా?”

“ఏ టీము తరఫునండీ?”

“ఏ టీమూ కాదు. నేనే. మిమ్మల్నే. టెస్టింగన్నది అబద్ధం. మీరు వెళ్ళిపోతే...” మోకాలు తడుముకున్నాడు. “వెళ్ళొద్దండీ.”

“నలభై ఒకటీ ఫెయిలు. ఇదొక్కటి పాసయింది.” ఆమె ఫోను తీసి మేనేజరుతో, “నేను ఇక్కడే ఉంటాను సార్,” అంది. పెట్టేసి, “ఒక బగ్గుంది మరి. నేను కాఫీ తాగను, టీ. అడక్కుండా డిఫాల్టులు పెడితే ఇలాగే ఉంటుంది.”

ఆర్నెల్లకి మా అక్క ఆ అమ్మాయికి బొట్టు పెట్టి, “మావాడు నోరు విప్పి అడిగాడా? నమ్మమంటావా అమ్మా?” అని ముక్కున వేలేసుకుంది.

నా సలహా ఏదంటారా? బుధవారం వాడు ఫోను చేస్తే, “తొందరేముందిరా, పై ఏడు చూద్దాం” అన్నాను. వాడు వినకపోవడమే నేను చేసిన మేలు.

మిగతాదంతా నిజం. ఆ వాన తప్ప. ఆవేళ చుక్క రాలితే ఒట్టు, మాడు పగిలే ఎండ. ప్రేమకథ కదా, పొడిగా ఉంటే బాగోదని నేనే కాస్త కురిపించాను.