గేరు తియ్యమంటే

ఆ రోజు పొద్దున్నుంచీ మోకాళ్లు ఒకటే పోటు. చేతిలో పని ముగించి కాసేపు నడుం వాల్చుదామనుకుంటుండగా, నా బావమరిది తాడు కట్టి ఒక పాత కారుని మా రిపేరు షెడ్డులోకి ఈడ్చుకొచ్చాడు. బూడిద రంగు బండి. టైర్లలో గాలి లేదు. అద్దాల మీద వేలితో బొమ్మలు గీసేంత దుమ్ము.

అది నా కూతురు కొన్న బండి.

అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. అల్లుడు పనిమీద వేరే ఊళ్లో ఉంటాడు. పాపని చంకనేసుకుని బస్సుల వెంట పరుగెత్తలేక, ఎవరింట్లోనో ఏళ్లుగా మూలపడి ఉన్న దీన్ని నాకు చెప్పకుండా కొనేసింది. చెబితే వద్దంటానని తెలుసు. కొన్నాక ఫోను చేసి, "క్లచ్చి తొక్కే పని లేదు నాన్నా, ఆటో గేరు. రేపు పొద్దున డ్యూటీకి దాన్లోనే వెళ్తా" అంది. ఆ మొండితనం నా దగ్గరి నుంచి వచ్చిందే, ఇంకెవరిని అనను? తెల్లారితే నా బిడ్డా, మనవరాలూ కూర్చునే బండి. ఒళ్లు సహకరించకపోయినా నేనే చూడాలి.

గాలి కొట్టి, బ్యాటరీ మార్చి, బ్రేకులు సరిచేసేసరికి సాయంత్రమైంది. బయట మబ్బు కమ్మింది. బండిని, కింద నిలబడి పనిచేసే గుంత మీదికి చేర్చి, గేరుబాక్సులో ఆయిలు చూసే పుల్ల బయటికి లాగాను. ఆటో గేరు ఆయిలు ఎర్రగా, పల్చగా ఉండాలి. ఇది కాటుకలా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వెంట్రుకలు మాడిన కంపు.

"మొత్తం తీసేసి కొత్తది పోద్దాం" అన్నాను.

"వద్దు బావా" అన్నాడు బావమరిది. "ఇన్నేళ్లు ఎవడూ పట్టించుకోని గేరుబాక్సు. లోపల ప్లేట్లు అరిగిపోయి ఉంటాయి. ఇప్పుడు ఆ మురికే వాటికి పట్టు. అది కాస్తా తీశావంటే పట్టు వదిలేస్తుంది. పైపైన తుడిచి ఇచ్చేయ్."

"పైపైన తుడవడానికి అదేం నీ మొహమా?"

"నా మొహం సంగతి సరే. నీ మొహం చూసి మా అక్కనిచ్చాం. మాకంటే పిచ్చోళ్లుంటారా?"

నవ్వాడు గానీ, బండి వైపు చూసి నవ్వు ఆపేశాడు. గొంతు తగ్గించాడు.

"తాడు కడుతుంటే, బండి ఉన్నచోట పక్కింటాయన చెప్పాడు. దీని కింద ఒక మెకానిక్కు పోయాడట. వాడు కింద పడుకుని గేరు 'తియ్యి' అన్నాడట. సీట్లో ఉన్న డ్రైవరు బండి తియ్యమన్నాడనుకుని ముందుకి పోనిచ్చాడట. ఆ తర్వాత ఆ డ్రైవరు సీట్లోంచి దిగలేదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట బావా."

"పక్కింటాయనకి పనీపాటా లేనట్టుంది. ఎక్కి కూర్చో."

ఎక్కాడు. చక్రాలకి ముందూ వెనకా చెక్కదిమ్మలు పెట్టి నేను గుంతలోకి దిగాను. ఆయిలు దించే ముందు కాస్త వేడెక్కించాలి, గేర్లు ఎలా పడుతున్నాయో కింద నుంచి వినాలి. ఇంజను మోతలో మాట సరిగా వినబడదు కాబట్టి మాకో అలవాటుంది. నేను "వెయ్యి" అంటే పైనున్నవాడు బ్రేకు తొక్కి గేరు వేస్తాడు. "తియ్యి" అంటే న్యూట్రల్‌కి తెస్తాడు. చెప్పింది చేసినట్టు మడమతో కారు నేల మీద ఒకసారి తడతాడు.

"వెయ్యి."

టక్.

గేరు పడటానికి చాలాసేపు పట్టింది. ముసలివాడు కుర్చీలోంచి లేచినట్టు లోపలేదో మూలిగి, బండి చిన్నగా ఊగింది.

"తియ్యి."

టక్.

అలా చేస్తుండగా వాన మొదలైంది. రేకుల మీద ఒకటే హోరు. గుంతలో తడి మట్టి వాసన, పాత గ్రీజు వాసన, వాటి మీద ఆ మాడిన వెంట్రుకల కంపు. ఇంతలో కరెంటు పోయింది. దాంతోపాటే ఇంజనూ ఆగింది. పైన బావమరిది ఏదో అన్నాడు, వానలో కలిసిపోయింది. చీకట్లో గోడ పట్టుకుని నిలబడ్డాను. పైకి ఎక్కే ఓపిక లేదు.

కాసేపటికి ఇంజను మళ్లీ స్టార్టయింది. వెలుతురు లేకపోయినా చెవులున్నాయి కదా, పని కానిద్దామనుకున్నాను.

"వెయ్యి."

టక్.

ఈసారి గేరు వెంటనే పడింది. కొత్త బండిలా.

"తియ్యి."

మడమ చప్పుడు రాలేదు.

"ఒరేయ్, తియ్యి!"

ఇంజను గొంతు పెరిగింది. బండి ముందుకి తోసుకుంది. చెక్కదిమ్మ కిర్రుమంది. నా తల గేరుబాక్సుని ఆనుకుని ఉంది.

"తియ్యరా!"

ఇంకా పెరిగింది. దిమ్మ నేల మీద జరుగుతున్న చప్పుడు... కొంచెం... ఇంకొంచెం... ఇనుము నా చెంపని రాసుకుంటూ కదిలింది. గుంత అడుక్కి కూలబడి, గొంతు చించుకుని "ఆపు!" అని అరిచాను.

ఆగింది.

వాన చప్పుడొక్కటే. అప్పుడు సరిగ్గా నా తలపైన, కారు నేలకి నోరు ఆనించి మాట్లాడినట్టు, మెల్లగా ఒక గొంతు...

"తీయమన్నారు కదండీ..."

బావమరిది నన్నెప్పుడూ 'అండీ' అనలేదు.

షెడ్డు తలుపు దగ్గర టార్చి వెలుగు పడింది. బావమరిది తడిసి ముద్దయి నిలబడి ఉన్నాడు.

"టార్చి కోసం ఇంటికెళ్తున్నానని చెప్పాగా బావా. సీట్లో ఎవర్ని కూర్చోబెట్టావు?"

"నువ్వు... బండి..."

"ఆపేసే వెళ్లాను. ఇదిగో తాళం." వాడు తాళంచెవి పైకెత్తి చూపించాడు.

ఎలా పైకి వచ్చానో తెలియదు. సీట్లో ఎవరూ లేరు. వాడు నా చొక్కా పట్టుకుని బయటికి లాగబోయాడు. నేను విదిలించుకున్నాను.

"తెల్లారితే అమ్మాయి వచ్చి దీన్ని పట్టుకుపోతుంది. నేను వద్దన్నా వినదు. దీన్ని కదలకుండా చెయ్యాలి."

"రేపు పొద్దున చూద్దాం బావా, నీకు దణ్ణం పెడతా..."

"ఆయిలు చుక్క లేకపోతే ఆటో గేరు అంగుళం కదలదు. దాన్ని నడిపేది ఎవడైనా సరే."

ముందు బ్యాటరీ వైర్లు పీకేశాను. మళ్లీ గుంతలోకి దిగాను. వాడు పైనే నిలబడి టార్చి పట్టుకున్నాడు, దిగనంటే దిగనన్నాడు. గేరుబాక్సు అడుగున ఆయిలు నిలిచే చట్టి ఉంటుంది. దాని బోల్టులు ఒక్కొక్కటే వదులు చేశాను. చట్టి ఒక పక్కకి ఒరిగింది. నల్లటి ఆయిలు తొట్టిలోకి కారింది. చిక్కగా, చప్పుడు లేకుండా. గోరువెచ్చగా మోచేతుల మీదికి పాకింది.

ఆయిలు తగ్గేకొద్దీ నా నెత్తి మీద ఏదో మారుతోంది. మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. బండి పైకి లేస్తోంది. బరువైన మనిషి దిగిపోతే స్ప్రింగుల మీద లేస్తుందే... అలా. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"బావా..." పైనుంచి గుసగుసగా అన్నాడు బావమరిది. "సీటు మీద గుంట ఉండేది... ఇప్పుడు పూడిపోయింది..."

ఆఖరి చుక్క పడింది. పట్టు వదిలేస్తుందని వాడు ముందే అన్నాడు. నేను ప్లేట్ల గురించే అనుకున్నాను.

చేతులు తుడుచుకోకుండానే కూతురికి ఫోను చేశాను.

"అమ్మా, బండి మంచిది కాదు. రేపు రావద్దు. దాని ఊసే ఎత్తొద్దు."

"అదేంటి నాన్నా, ఇప్పుడేగా డ్రైవర్ని పంపావు?" అంది తను. గొంతులో సంతోషం. "'అయ్యగారు పంపారు, రేపటి నుంచి నేనే తోలతాను' అన్నాడు. నీకెందుకంత ఖర్చు? నాకు తోలడం వచ్చుగా."

తలెత్తి, తేలికపడ్డ బండి వైపు చూశాను.

"వాన కదా అని లోపలికి రమ్మన్నా. పాపం చాలా మర్యాదస్తుడు నాన్నా. కుర్చీ వేస్తే, 'ఇన్నేళ్లు కూర్చునే ఉన్నానమ్మా, ఇక చాలు' అన్నాడు. మన పాప కొత్తవాళ్లని చూస్తే కెవ్వుమంటుందా, ఇతని దగ్గరికి మాత్రం కిక్కురుమనకుండా వెళ్లింది. ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు."

"తల్లీ..." అన్నాను. "నేనెవర్నీ పంపలేదు. అరవకు. పాపని కిందికి దించమను. మెల్లగా చెప్పు."

అటువైపు వాన చప్పుడు. తను ఎవరితోనో ఏదో అంది. నేను ఫోనుని చెవికి నొక్కి పట్టుకున్నాను.

"దించాడా అమ్మా?"

"దించాడు నాన్నా..." గుసగుసలాడింది నా కూతురు. "చేతులు కూడా వదిలేశాడు... దూరంగా జరిగి నిలబడ్డాడు... కానీ పాప కాళ్లు ఇంకా నేలకి ఆనలేదు."